నాటి విజేత నేడు బరిలో దిగితే?

“ఆ కాలం వాళ్ళ బలమే బలం” అంటారు తాతగారు. “ఈ కాలం వాళ్ళ ముందు వాళ్ళెంత?” అంటాడు మనవడు. ఈ తగవు మీ ఇంట్లో కూడా ఎప్పుడో ఒకప్పుడు జరిగే ఉంటుంది. మా వైరాలో ఇది తరచు వినిపించేదే. ఇక్కడ ధాన్యం, పత్తి లారీలకెత్తే హమాలీలు చాలామంది ఉన్నారు. వారిలో వయసు మళ్ళిన ఒకాయన ఒకనాడు మా బడి గేటు పక్కనున్న వేపచెట్టు కింద కూర్చుని ఇలా అన్నాడు: “మా కాలంల క్వింటా బస్తా ఒక్కడమే మోసెటోళ్ళం. ఇప్పటి పిల్లగాళ్ళు యాభై కిలోలకే నడుం పట్టుకుంటున్నరు.”

ఆయన మనవరాలు మా బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్నది. షాట్‌పుట్ బాగా విసురుతుంది. మరునాడు భౌతికశాస్త్రం పీరియడులో ఆ అమ్మాయి లేచి అడిగింది: “సార్, కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిందని చదువుకున్నాం గదా. రియో ఒలింపిక్స్‌లో అదే తరగతిలో మూడో స్థానం రావాలంటే 255 కిలోలు ఎత్తవలసి వచ్చిందట. అయితే ఆమెది ఇప్పటి లెక్కలో పతకమే కాదని మగపిల్లలు అంటున్నారు. నిజమేనా సార్?”

మగపిల్లలు చెప్పిన అంకెలో తప్పు లేదు. మరి వారి తీర్పు సరైనదేనా? దీనికి సమాధానం చెప్పడానికి నాకు రెండు పీరియడ్లు పట్టింది. ఆనాడు తరగతిలో చెప్పినదే ఇప్పుడు మీకూ చెబుతాను. పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకోండి.

ఒక ప్రశ్నలో రెండు ప్రశ్నలు

“నాటి విజేత నేడు పోటీ చేస్తే ఏమవుతుంది?” అన్నప్పుడు నిజానికి మనం రెండు వేర్వేరు ప్రశ్నలు అడుగుతున్నాం.

మొదటి ప్రశ్న: నాటి విజేతను నాటి శరీరంతో, నాటి శిక్షణతో ఉన్నది ఉన్నట్లుగా తెచ్చి నేటి వేదిక మీద నిలబెడితే ఏమవుతుంది?

రెండో ప్రశ్న: అదే మనిషి ఈ కాలంలో పుట్టి, ఈ కాలపు తిండి తిని, ఈ కాలపు శిక్షణ పొంది ఉంటే ఏమయ్యేది?

తాతగారూ మనవడూ తగవులాడుకునేటప్పుడు ఒకరు మొదటి ప్రశ్నకూ, మరొకరు రెండో ప్రశ్నకూ జవాబు చెబుతుంటారు. అందుకే ఆ తగవు ఎన్నటికీ తెగదు. మనం రెండింటినీ విడదీసి, ముందుగా మొదటిదాన్ని పట్టుకుందాం.

కొలత లేనిదే పోలిక లేదు

బలం అనగానే తెలుగువారికి గుర్తుకు వచ్చే పేరు కోడి రామమూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టిన ఈ మల్లయోధుడు 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో సర్కస్ ప్రదర్శనలతో దేశ విదేశాల్లో పేరు పొందాడు. ‘ఇండియన్ హెర్క్యులెస్’ అనిపించుకున్నాడు. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచేవాడనీ, కదిలే మోటారు కార్లను ఆపేవాడనీ, ఛాతీ మీద పలక వేసుకుని దాని మీదుగా ఏనుగును నడిపించుకునేవాడనీ చెప్పుకుంటారు. ఆయన 1942లో మరణించాడు.

ఆయన ఈనాటి బలశాలులతో పోటీ పడితే ఎవరు గెలుస్తారు? ఆలోచించండి. ఏనుగు పలక మీద నడిచినప్పుడు దాని బరువులో ఎంత భాగం ఛాతీ మీద పడింది? ఎంత భాగం నేల మీద పడింది? పలక ఎంత వెడల్పు? పలక వెడల్పయితే అదే బలం ఎక్కువ వైశాల్యం మీద పరచుకుంటుంది, అప్పుడు పీడనం తగ్గుతుంది. ఇది మీరు చదువుకున్న సూత్రమే. ఇక గొలుసు మాటకొస్తే, దాని ఇనుము ఎంత మందం? కారును ఆపాలంటే, అది ఎంత బలంతో లాగుతున్నది? ఈ అంకెలు మన చేతిలో లేవు. అంతమాత్రాన ఆయన బలం చిన్నదని కాదు. ఆయన కీర్తి మనకు చేరింది గాని, కొలత చేరలేదు. కొలత లేనప్పుడు అభిమానించవచ్చు, పోల్చలేము.

వేపచెట్టు కింది తాతగారి మాట కూడా అలాంటిదే. ఆయన మోసింది క్వింటా బస్తా. నేడు గోనెసంచులే చిన్నవయ్యాయి. బస్తా మారిపోయాక మనుషుల్ని పోల్చడమెలా? ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర మళ్ళీ వస్తాం.

కొలిచి చూసిన బలం

మల్లీశ్వరి విషయంలో అదృష్టవశాత్తూ కొలత ఉంది. ఆమె 1975లో శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పుట్టింది. నీలంశెట్టి అప్పన్న అనే శిక్షకుడి దగ్గర బరువులెత్తడం నేర్చుకుంది. 1994, 1995 సంవత్సరాల్లో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేతగా నిలిచింది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల తరగతిలో పోటీ చేసింది. ఒలింపిక్స్‌లో మహిళలకు వెయిట్‌లిఫ్టింగ్ పెట్టడం అదే మొదటిసారి. ఒలింపిక్ పతకం పొందిన మొదటి భారతీయ మహిళ ఆమే.

ఈ పోటీలో రెండు రకాల ఎత్తులు ఉంటాయి. ‘స్నాచ్’లో బార్‌ను నేల మీది నుంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తాలి. ‘క్లీన్ అండ్ జెర్క్’లో మొదట భుజాల మీదికి తెచ్చుకొని, తరువాత తల పైకి నెట్టాలి. ఒక్కొక్కదానికి మూడేసి ప్రయత్నాలు. రెండింటిలోనూ ఎత్తగలిగిన గరిష్ఠ బరువులను కూడితే మొత్తం వస్తుంది. ఆనాటి ఫలితం ఇది:

లిన్ వైనింగ్, చైనా: 110 + 132.5 = 242.5 కిలోలు
ఎర్జెబెట్ మార్కుష్, హంగరీ: 112.5 + 130 = 242.5 కిలోలు
కరణం మల్లీశ్వరి, భారతదేశం: 110 + 130 = 240 కిలోలు

మొదటి ఇద్దరి మొత్తం ఒక్కటే కాబట్టి, శరీర బరువు తక్కువున్న లిన్‌కు స్వర్ణం దక్కింది. మల్లీశ్వరి చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకు పూనుకుంది గాని నిలుపుకోలేకపోయింది. నిలిచి ఉంటే మొత్తం 247.5 అయ్యేది.

130 కిలోలు తలపైకెత్తడమంటే ఎంత పని? బార్‌కు తగిలించే పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు. కనుక నేల మీదున్నప్పుడే బార్ 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. తలపైన సుమారు 2 మీటర్ల ఎత్తుకు చేరుతుందనుకుందాం. అంటే అది పైకి పోయే దూరం దాదాపు 1.8 మీటర్లు.

పని = ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు
= 130 × 9.8 × 1.8 = సుమారు 2,293 జౌళ్ళు

ఇదేమంత పెద్ద అంకె? 50 కిలోల బరువున్న మీరు 4.7 మీటర్ల ఎత్తు మెట్లెక్కితే సరిగ్గా ఇంతే పని చేసినట్టు. ఒకటిన్నర అంతస్తు! మీరు రోజూ చేసేదే. మరి కష్టమెక్కడుంది? కాలంలో ఉంది. బార్ నేలను వదిలిన తరువాత మొదటి ఒక మీటరు ఎత్తును సుమారు ఒక్క సెకనులో దాటించాలి. అప్పుడు సామర్థ్యం 130 × 9.8 × 1 ÷ 1 = 1,274 వాట్లు. ఒక అశ్వసామర్థ్యం 746 వాట్లు గనుక ఇది దాదాపు 1.7 అశ్వసామర్థ్యం. మీ పొలంలో నీళ్ళు తోడే మూడు అశ్వసామర్థ్యాల మోటారులో సగానికి పైగా, ఒక్క సెకను పాటు ఒక మనిషి శరీరం నుంచి వచ్చిందన్న మాట.

అంకెను ముందుకు జరిపి చూద్దాం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు సులభం. సిడ్నీ నాటి 240 కిలోలను తరువాతి ఒలింపిక్స్‌ల్లో అదే 69 కిలోల తరగతిలో పెట్టి చూద్దాం.

2004 ఏథెన్స్: మొదటి స్థానం 275, మూడో స్థానం 262.5
2016 రియో: మొదటి స్థానం 261, మూడో స్థానం 255

రెండు చోట్లా 240కి పతకం రాదు. మగపిల్లల మాట ఇంతవరకు నిజమే. నిజాన్ని ఒప్పుకోవడానికి మనం జంకకూడదు.

అయితే ఆ అంకెలనే మళ్ళీ ఒకసారి చూడండి. రియోలో స్వర్ణం గెలిచిన మొత్తం 261. పన్నెండేళ్ళ ముందు ఏథెన్స్‌లో కంచు గెలిచిన మొత్తం 262.5. అంటే రియో స్వర్ణ విజేతను ఏథెన్స్‌కు తీసుకుపోతే ఆమెకు కంచు కూడా రాదు! “ఇప్పటి లెక్కలో పతకమే కాదు” అనే తర్కం సరైనదైతే, రియో స్వర్ణం కూడా పతకం కాకుండా పోవాలి. ఈ మాట చెప్పినప్పుడు తరగతిలో మగపిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కాలం గడిచినకొద్దీ అంకెలు పెరుగుతూనే పోతాయని మనం అనుకుంటాం. ఇక్కడ తగ్గాయి. ఎందుకు? ఒక కారణం మందుల పరీక్షలు కఠినం కావడం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఈ తరగతిలో 286 కిలోలతో మొదటి స్థానం వచ్చింది. దాచి ఉంచిన నమూనాలను కొత్త పద్ధతులతో మళ్ళీ పరీక్షించగా నిషిద్ధ పదార్థాలు బయటపడ్డాయి. 2017లో ఆ ఫలితాన్నే రద్దు చేశారు. కాబట్టి ఏ అంకెనైనా పక్కన పెట్టుకుని పోల్చే ముందు, ఆ అంకె ఎలా వచ్చిందో కూడా అడగాలి.

మారుతున్న కొలబద్ద

చిత్రమేమంటే, మనుషులతో పాటు కొలబద్ద కూడా మారుతూ వచ్చింది. సిడ్నీ నాటికి బరువులను 2.5 కిలోల మెట్లుగా పెంచేవారు. 2005 నుంచి ఒక్కొక్క కిలో చొప్పున పెంచవచ్చు. మల్లీశ్వరి ప్రపంచ విజేత అయిన 54 కిలోల తరగతి సిడ్నీ నాటికే లేదు. 2018లో తరగతులన్నింటినీ మార్చి, పాత ప్రపంచ రికార్డులను మూసివేసి కొత్త పద్దు మొదలుపెట్టారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 69 లేదు, 71 ఉంది. 2025 జూన్ నుంచి మళ్ళీ మార్చారు, 69 తిరిగి వచ్చింది.

పారిస్‌లో 71 కిలోల తరగతి స్వర్ణ విజేత ఎత్తిన మొత్తం 262 కిలోలు. దాన్ని మల్లీశ్వరి 240తో నేరుగా పోల్చవచ్చా? రెండు కిలోల శరీర బరువు తేడా ఉంది గదా. ఈ తేడాను సరిచేయడానికి ఒక చక్కని సూత్రం ఉంది.

ఒక ఘనాన్ని తీసుకోండి. భుజం రెట్టింపు చేస్తే దాని ముఖ వైశాల్యం 4 రెట్లవుతుంది, ఘనపరిమాణం 8 రెట్లవుతుంది. కండరం లాగే బలం దాని మధ్యచ్ఛేద వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. శరీర బరువు మాత్రం ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. కనుక ఒకే ఆకారం గల ఇద్దరిలో ఒకరు 8 రెట్లు బరువుంటే, బలం 4 రెట్లే ఉంటుంది. చీమ తనకంటే ఎన్నో రెట్లు బరువు మోస్తుంది, ఏనుగు మోయలేదు. దానికి ముఖ్యకారణం ఇదే. చిన్న చిన్న తేడాలకైతే ఈ సూత్రాన్ని ఇలా వాడుకోవచ్చు: శరీర బరువు ఎంత శాతం పెరిగితే, బలం అందులో మూడింట రెండు వంతుల శాతం పెరుగుతుంది.

69 నుంచి 71కి పెరుగుదల 2.9 శాతం. అందులో మూడింట రెండు వంతులు సుమారు 1.9 శాతం. 240కి 1.9 శాతం కలిపితే 244.6. అంటే 69 కిలోల తరగతిలో ఎత్తిన 240, 71 కిలోల తరగతిలో సుమారు 244.6కు సమానం. ఇది అంచనా మాత్రమే. మనుషులందరూ ఒకే ఆకారంలో ఉండరు. పోటీదారులందరూ తరగతి పైహద్దు దగ్గరే ఉన్నారనుకున్నాం. అయినా కొలబద్ద మారినప్పుడు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర లేదని, మార్పును లెక్కగట్టవచ్చని ఇది చూపిస్తుంది.

కిలోలు లేని పోటీ

అన్ని ఆటల్లోనూ కిలోలు, మీటర్లు, సెకన్లు ఉండవు. బాక్సింగ్ సంగతి చూడండి. మన నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల తరగతిలో, 2023లో 50 కిలోల తరగతిలో ప్రపంచ విజేత అయింది. ఆమె గెలుపుకు కొలమానం ఏది? ఎదుటి మనిషే. ఎదుటి మనిషి లేకుండా బాక్సరును కొలిచే సాధనం లేదు. అలాంటప్పుడు ఇరవై ఏళ్ళ ముందటి విజేతతో ఎలా పోల్చడం?

ఈ పని కంప్యూటరుతో చేయించాలని ఒకప్పుడు అమెరికాలో ప్రయత్నించారు. 1952 నుంచి 1956 వరకు హెవీవెయిట్ విజేతగా ఉన్న రాకీ మార్సియానో ఆడిన 49 పోటీల్లోనూ గెలిచి, ఓటమి ఎరుగకుండా విరమించుకున్నాడు. అతని తరువాతి తరం విజేత మహమ్మద్ అలీ. 1980లో మద్రాసుకు వచ్చి ప్రదర్శన పోటీ ఆడినవాడే. ఇద్దరూ తమ మంచి వయసులో తలపడితే ఎవరు గెలుస్తారు? నిపుణులు ఇచ్చిన వివరాలను కంప్యూటరుకు అందించారు. 1969లో ఇద్దరినీ కెమెరాల ముందు తలపడేట్లు చేసి, రకరకాల ముగింపులు చిత్రీకరించారు. ఆ చిత్రం విడుదల కాకముందే మార్సియానో విమాన ప్రమాదంలో మరణించాడు. 1970 జనవరి 20న దాన్ని సినిమా హాళ్ళలో ప్రదర్శించారు. 13వ రౌండులో మార్సియానో అలీని పడగొట్టినట్లు కంప్యూటరు తీర్పు. అయితే ఐరోపాలో చూపిన ముగింపులో గెలిచింది అలీ!

దీన్నుంచి మనం నేర్చుకోవలసింది ఏమిటి? కంప్యూటరుకు తనంతట తాను తెలిసేదేమీ లేదు. మనం వేసిన అంచనాలనే అది లెక్కగట్టి తిరిగి ఇస్తుంది. తిరగలిలో జొన్నలు పోసి వరిపిండి రావాలంటే వస్తుందా? నేటి కంప్యూటర్లు ఆనాటి వాటికంటే ఎన్నో రెట్లు వేగమైనవి. ఈ ఒక్క సంగతి మాత్రం మారలేదు.

“అతణ్ణి ఇతడు ఓడించాడు, ఇతణ్ణి మరొకడు ఓడించాడు, కాబట్టి ఆ మరొకడే గొప్ప” అని గొలుసు కట్టుకుంటూ పోవచ్చు గదా అంటారేమో. చూద్దాం. 1971లో జో ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973లో జార్జ్ ఫోర్‌మన్ ఫ్రేజియర్‌ను రెండో రౌండులోనే ఓడించాడు. కనుక ఫోర్‌మన్ అలీని ఓడించాలి. కాని 1974లో అలీయే ఫోర్‌మన్‌ను పడగొట్టాడు. గొలుసు చుట్టూ తిరిగి మొదటికే వచ్చింది. పిల్లలు ఆడే రాయి, కాగితం, కత్తెర ఆటలాగా. బరువుల అంకెలు ఇలా తిరగవు. 262.5 ఎప్పటికీ 261 కంటే ఎక్కువే. కిలోలతో కొలిచే ఆటకూ, మనిషితో కొలిచే ఆటకూ ఉన్న భేదం ఇదే.

బాక్సింగ్‌లో కూడా కొలబద్ద మారింది. మార్సియానో విజేతగా ఉన్నప్పుడు అతని బరువు సుమారు 84 కిలోలు. నేటి ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో 90.7 కిలోల లోపు వారికి క్రూయిజర్‌వెయిట్ అనే వేరే తరగతి ఉంది. ఆనాటి హెవీవెయిట్ విజేత ఈనాడు హెవీవెయిట్‌లోకి రానే రాడు. ఇక హెవీవెయిట్‌కు పైహద్దు లేదు. 2020లో విజేత అయిన టైసన్ ఫ్యూరీ ఆ పోటీనాటి బరువు సుమారు 124 కిలోలు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టడమంటే రెండు తరగతులను కలపడమే. అది పోలిక కాదు.

విత్తనమూ, పొలమూ

ఇప్పుడు రెండో ప్రశ్న. మల్లీశ్వరి ఈ కాలంలో పుట్టి ఉంటే?

మా వైరా రిజర్వాయరు కింద ఆయకట్టు పొలం ఉంది, దానికి ఎగువన వానకు ఎదురుచూసే మెట్టపొలం ఉంది. ఒకే విత్తనాన్ని రెండు చోట్లా చల్లితే దిగుబడి ఒకలా రాదు. దిగుబడి చూసి విత్తనం మంచిదా కాదా అని చెప్పాలంటే, ముందు పొలాన్ని చూడాలి. మనిషి ప్రతిభ విత్తనం వంటిది. కాలం పొలం వంటిది.

మల్లీశ్వరికి దొరికిన పొలం ఎలాంటిది? పురుషుల వెయిట్‌లిఫ్టింగ్ 1896 నాటి మొదటి ఆధునిక ఒలింపిక్స్‌లోనే ఉంది. మహిళలకు ప్రపంచ పోటీలు మొదలైందే 1987లో. అప్పటికి ఆమెకు పన్నెండేళ్ళు. ఆడపిల్ల బరువులెత్తడమేమిటని ఊరంతా విడ్డూరంగా చూసే రోజులవి. తరువాత బరిలోకి దిగేవారి సంఖ్య పెరిగింది. శిక్షణ, ఆహారం, విశ్రాంతి గురించి తెలిసింది పెరిగింది. బార్ కదలికను వీడియోలో నెమ్మదిగా తిప్పి తప్పు ఎక్కడుందో చూసుకునే వీలు కలిగింది. ఈ పొలంలో ఆ విత్తనం పడి ఉంటే 240 కంటే ఎక్కువే పండేదని అనుకోవడానికి కారణాలు ఉన్నాయి. ఎంత ఎక్కువ? ఆ అంకె మాత్రం ఎవరూ చెప్పలేరు. దిశ చెప్పగలం, దూరం చెప్పలేం. శాస్త్రంలో ఇది కూడా జవాబే.

మరి ఒక్కొక్కరినీ వారి వారి పొలంలోనే కొలిచే మార్గం లేదా? ఉంది. ఆ రోజు మొదటి స్థానంలో ఎత్తిన బరువులో ఎంత శాతం ఎత్తారో చూడాలి.

మల్లీశ్వరి, సిడ్నీ 2000: 240 ÷ 242.5 = 99.0 శాతం
ఏథెన్స్ 2004 కంచు: 262.5 ÷ 275 = 95.5 శాతం
రియో 2016 కంచు: 255 ÷ 261 = 97.7 శాతం

మన దేశానికి వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండో ఒలింపిక్ పతకం తెచ్చిన మీరాబాయి చాను 2021లో టోక్యోలో 49 కిలోల తరగతిలో 202 కిలోలు ఎత్తి రజతం పొందింది. అక్కడి స్వర్ణం 210. శాతం 96.2.

చూశారా! కిలోల్లో కింద ఉన్న మల్లీశ్వరి, తన కాలపు శిఖరానికి మిగతా వారందరికంటే దగ్గరగా నిలిచింది. ఈ కొలతకూ ఒక లోపం ఉంది. మొదటి స్థానంలో అసాధారణమైన మనిషి ఉంటే మిగతావారి శాతం తగ్గిపోతుంది. ఏథెన్స్‌లో జరిగిందదే. అందువల్ల మొదటి ఒక్కరితో కాక, మొదటి అయిదుగురి సగటుతో పోల్చడం ఇంకా మంచిది.

కాబట్టి ఆ అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇది: “నాటి 240 కిలోలు రియో వేదిక మీద పతకం తేవు. అది నిజం. అవి సిడ్నీ వేదిక మీద స్వర్ణానికి 2.5 కిలోల దూరంలో నిలిచాయి. అదీ నిజమే. పతకం ఇచ్చేది ఆనాడు ఎదురుగా ఉన్నవారితో పోల్చి. తరువాత ఎవరు ఎంత ఎత్తినా ఆ పోలిక మారదు. రెండు నిజాల్లో ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టివేయకూడదు.”

ఆ సాయంత్రం బడి విడిచాక ఆ అమ్మాయి వేపచెట్టు దగ్గర ఆగి అడగడం విన్నాను: “తాతా, క్వింటా బస్తా నీ వీపు మీదికి ఎవరెత్తెటోళ్ళు? ఎంత దూరం మోసెటోనివి?” తాతగారు కాసేపు ఆలోచించి నవ్వాడు. “ఇద్దరు పట్టి ఎత్తెటోళ్ళు బిడ్డా. లారీ దాకా మోసుడే, ఇరవై అడుగులుంటదేమో.” ఆ అమ్మాయి సంచిలోంచి నోటుబుక్కు తీసి రాసుకుంది. ఆ ఇంట్లో తగవు తెగిందో లేదో నాకు తెలియదు. కొలవడం మాత్రం మొదలైంది.

మీరే చేసి చూడండి

1. మీ బడిలో గత రెండు మూడేళ్ళ ఆటలపోటీల ఫలితాలను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి అడిగి తీసుకోండి. లాంగ్‌జంప్‌లో ప్రతి ఏడాది రెండో స్థానం మొదటి స్థానంలో ఎంత శాతమో లెక్కకట్టండి. ఏ ఏడాది పోటీ అన్నిటికంటే గట్టిగా జరిగింది?

2. షాట్‌పుట్ ఫలితాలు పోల్చే ముందు గుండు బరువు ఒక్కటేనా అని చూసుకోండి. కాకపోతే ఆ రెండు అంకెలను నేరుగా పోల్చవచ్చా? ఎందుకు?

3. ఒక మెట్ల వరుస ఎత్తును టేపుతో కొలవండి. మామూలుగా ఎక్కడానికి మీకు ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, మీ సామర్థ్యాన్ని వాట్లలో కనుక్కోండి. మల్లీశ్వరి 1,274 వాట్లలో అది ఎన్నో వంతు?

4. శరీర బరువు 50 కిలోల నుంచి 53 కిలోలకు పెరిగితే, మన సూత్రం ప్రకారం బలం సుమారు ఎంత శాతం పెరగాలి?

హెచ్చరిక: శిక్షకుడు దగ్గర లేకుండా పెద్ద బరువులు ఎత్తి చూడవద్దు. వెన్నెముకకు దెబ్బ తగిలితే తేలికగా నయం కాదు.